కొబ్బరి పిండి మీద చెంబెడు నీళ్ళు

ఆరేళ్ళుగా మోస్తున్న బరువు ఇది. మా పాస్టరుగారికి చెప్పలేదు. ఇంట్లో ఆయనకీ చెప్పలేదు. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

రాజోలు దగ్గర మాకో కోళ్ళ షెడ్డు ఉంది. మధ్యలో వల కట్టి, సగం నేనూ సగం మా తోడికోడలు సువార్తా బ్రాయిలర్లు పెంచేవాళ్ళం. మా మరిది కొబ్బరికాయలు దింపుతూ చెట్టు మీంచి పడి మంచం పట్టాక ఆ ఇంటికి కోళ్ళే ఆధారం. అవి నిలబడితే కువైట్ వెళ్ళి ఎవరింట్లోనో పాచిపని చెయ్యక్కర్లేదని ఆమె ఆశ. నేను కంపెనీ మేత కొనేదాన్ని. ఆమెకంత స్తోమత లేదు. తవుడు, నూకలు, ఎండుచేపల పొడి, నూనె మిల్లులో కొబ్బరి ఆడించగా మిగిలిన పిండి కలిపి పెట్టేది. మరి ఆమె కోళ్ళు నావాటికంటే ఎలా బలిశాయి?

అక్కడ మొదలైంది. నా బస్తాలేమో తరిగిపోతున్నాయి. ఆమె కొంగు దులుపుకున్నా ఓరకంట చూసేదాన్ని. బస్తాల మూతులకి ఎర్రదారం కట్టాను. దారం తెగలేదు, మేత మాత్రం తగ్గింది. ముడి విప్పి, మళ్ళీ అచ్చం నాలాగే వేస్తోందనుకున్నాను. అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా?

ఓ ముసురు రోజు ఆమె మా మరిదిని అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్ళింది. నేను ఆమె కొబ్బరి పిండి బస్తా విప్పి చెంబెడు నీళ్ళు పోసి, మళ్ళీ మూతి కట్టేశాను. పిండి పాడైతే పారబోస్తుంది, అప్పుడు నా బస్తా మీద చెయ్యేస్తూ దొరికిపోతుంది అనుకున్నాను. కోళ్ళని చంపాలనుకోలేదు. ఇది నిజమేనా, లేక నన్ను నేను ఓదార్చుకునే మాటా? ఏమో.

నాలుగు రోజులకి సువార్త దోసిట్లో పిండి పట్టుకొచ్చింది.

"అక్కా, పిండి అదోలా వాసనొస్తుందండి. పెట్టమంటారా, పారబోసేయమంటారా?"

వాసన చూశాను. బూజు కంపు ముక్కు పగిలేలా కొట్టింది. పారబోయమంటే సరిపోయేది. కానీ తడి ఎలా తగిలిందని వెతుకుతుందేమో, నన్ను అనుమానిస్తుందేమో అని భయమేసింది.

"కొబ్బరి పిండి వాసన రాక మల్లెపూల వాసనొస్తుందేంటే? పెట్టెయ్."

"ఆయ్. మీరు చెప్పేరు కదా, పెట్టేస్తానండి."

వారం తిరక్కుండా ఆమె కోళ్ళు మెడలు వాల్చేశాయి. సగానికి పైగా గోతిలో పూడ్చాం. నేనూ పార పట్టాను. మర్నాడు షెడ్డు సర్దుతూ నా బస్తాలు ఎత్తి చూశాను. అడుగున చిల్లు, దాని కింద నేలలో పందికొక్కు బొరియ. బొరియ నిండా నా మేత.

ఆ ఆదివారం చర్చిలో సువార్త సాక్ష్యం చెప్పడానికి లేచింది. వాసనొచ్చినా పెట్టేశానని, తన అజాగ్రత్త వల్లే కోళ్ళు పోయాయని, కువైట్ వెళుతున్నాను ప్రార్థన చెయ్యండని ఏడ్చింది. నన్ను అడిగిన సంగతి చెప్పలేదు. అందరూ ఆమెన్ అన్నారు. ఆమె దొంగ కాదని తెలిసిన నేనూ ఆమెన్ అన్నాను.

ఎందుకు చెప్పలేదు? మర్చిపోయిందా? నన్ను కాపాడిందా? అంతా తెలిసే ఊరుకుందా? కువైట్ నుంచి నాకని ఆమె పంపే సబ్బుల పార్శిలు, లోపల ఏ ఉత్తరముంటుందోనని, ఇప్పటికీ వెంటనే విప్పను. మొన్న ఫోన్ చేసింది. వచ్చే నెల వచ్చేస్తోందట, మళ్ళీ కోళ్ళు వేస్తుందట. "ఈసారి పిండి మీరే చూసి చెప్పండక్కా" అంది. అది నమ్మకమా, ఎత్తిపొడుపా? రెండు రోజులుగా అదే ఆలోచన. చూశారా, ఇంత చేసి నేనింకా ఆమెనే అనుమానిస్తున్నాను.

నీళ్ళు పోసింది నేను. కంపు తెలిసీ పెట్టమన్నది నేను. ఆమె ముఖం చూస్తూ ఈ మాట అనగలనో లేదో తెలియదు. ఇక్కడ మాత్రం అనేశాను.