జెర్విన్ ముట్టని జావ

ఆ ఊళ్లో తగువులన్నీ మానంగ్ పెతాంగ్ వంటగిన్నెలోనే తీరేవి. అసలు పేరు పెర్పెట్వా. పడవల రేవులో అంత పొడుగు పేరు పిలిచే తీరిక ఎవరికీ లేక, ఆమె అందరికీ మానంగ్ పెతాంగ్ అయింది, అంటే పెతాంగక్క. రేవు పక్కన రేకుల కప్పు కింద చిన్న హోటల్ ఆమెది. వేట నుంచి తిరిగొచ్చేవాళ్లకు అల్లం దట్టించిన కోడి జావ, మధ్యాహ్నానికి అన్నం, చేపల పులుసు. మనిషి భారీ, గొంతు ఇంకా భారీ. మొగుడు నోటింగ్ మూడు చక్రాల బండి నడిపేవాడు; ఇంట్లో ఆయన గొంతు విన్నవాళ్లు తక్కువ.

ఊరి ఆఫీసులో ఫిర్యాదులు తీసుకునే మానవ హక్కుల బల్ల ఒకటి పెట్టాలని పైనుంచి ఆర్డరు వచ్చినప్పుడు, ఆ బల్ల వెనక కూర్చోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. జీతం ఉండదు, తిట్లు మాత్రం దండిగా ఉంటాయి. ఊరు ఎన్నుకున్న పెద్ద కాపిటాన్ దెల్ఫిన్ "మా మారే ఉందిగా" అని పెతాంగ్ పేరు చెప్పేశాడు. ఆమె కూతురికి బాప్తిస్మమప్పుడు జ్ఞానతండ్రిగా నిలబడింది ఆయనే. ఆ వరసన ఆయన ఆమెను మారే అనీ, ఆమె ఆయన్ని పారే అనీ పిలుచుకునేవారు. పెతాంగ్ ఇలోయిలో అనే పట్నం వెళ్లి మానవ హక్కుల కమిషన్ వాళ్ల శిక్షణలో కూర్చుంది. మనిషిని కొట్టే హక్కు, నలుగురిలో అవమానించే హక్కు ఎవరికీ లేదని వాళ్లు చెప్పిందంతా శ్రద్ధగా విన్నది. తిరిగొచ్చాక మాత్రం తనకు చేతనైన పద్ధతిలోనే పని చేసింది.

ఫిర్యాదు చేసినవాణ్ణీ, చేయించుకున్నవాణ్ణీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి వేడివేడి జావ పోసేది. అంతే. ఒక బల్ల మీద కలిసి తిన్నాక మళ్లీ ఆ గొడవ ఎత్తడం ఆ ఊళ్లో మర్యాద కాదు. ఎత్తినవాడే చెడ్డవాడవుతాడు. అందుకే ఆ ఊరి నుంచి ఒక్క కేసూ పట్నం కమిషన్ గడప తొక్కలేదు. ఈ సంగతి చెప్పుకునేటప్పుడు పెతాంగ్ గరిటెను కాస్త పైకెత్తి పట్టుకునేది.

జెర్విన్ సంగతి వచ్చేదాకా అలాగే నడిచింది. జెర్విన్ చేపల బజారులో మంచు దిమ్మెలు మోసే కుర్రవాడు. ఒక రోజు కాపిటాన్ పందెం కోడి మాయమైంది. అంతకు ముందురోజు ఆయన పెరట్లో మంచు దించిన పాపానికి అనుమానం జెర్విన్ మీద పడింది. ఊరి కాపలావాళ్లు అతని మెడలో 'నేను దొంగని' అని రాసిన అట్ట కట్టి, డబ్బా వాయిస్తూ బజారంతా తిప్పారు. కాపిటాన్ వెనకే నడిచాడు. ఆ వారంలోనే అసలు సంగతి తేలింది. కాపిటాన్ బావమరిదే కోడిని పక్క ఊరి పందేనికి పట్టుకుపోయాడట. పైగా గెలిచాడట.

కోడి పెరట్లోకి వచ్చింది కాబట్టి ఊరు ఆ సంగతి మర్చిపోయింది. జెర్విన్‌ని మాత్రం ఎవరూ పనికి పిలవలేదు. అతను అటుగా వస్తే చేపలమ్మే ఆడవాళ్లు డబ్బు సంచులు ఒళ్లోకి లాక్కునేవారు. అది భరించలేక అతను పెతాంగ్ దగ్గరికి వచ్చాడు. ఆమె మామూలుగానే ఇద్దర్నీ పిలిచి జావ పోసింది.

కాపిటాన్ రెండోసారి పోయించుకున్నాడు. పోనీలే, చిన్నవాడివి, మనసులో పెట్టుకోకు అని ఓదార్చాడు కూడా. జెర్విన్ గిన్నె ముట్టుకోలేదు. పెతాంగ్ బతిమాలింది, గదిమింది.

"తినరా తొతో, మా నాయన కదూ, చల్లారిపోతోంది."

"తింటే అయిపోతుంది మానంగ్. అందుకే తినట్లేదు," అన్నాడు జెర్విన్. "ఆయన కోడి ఇంటికొచ్చింది. నా పేరింకా బజార్లోనే ఉంది. ఎక్కడ తిప్పారో అక్కడే చెప్పమనండి, నేను దొంగని కానని."

కాపిటాన్ నవ్వేసి, జావ చల్లారిపోయింది, రేపు మళ్లీ కాచు మారే అని లేచిపోయాడు.

తన చేతి వంట కాదన్న మొదటి మనిషి జెర్విన్. ఆ ఉక్రోషంతో పెతాంగ్ సాయంత్రమంతా గిన్నెలు ఎత్తి పడేసింది. నోటింగ్ చాలాసేపు విని, చివరికి నోరు తెరిచాడు.

"ఆ అట్ట నీ మెడలో కట్టుంటే ఎన్ని గిన్నెలు తాగేదానివే?"

జెర్విన్‌ని తిప్పిన రోజు డబ్బా చప్పుడు విని పెతాంగ్ తల బయటపెట్టి చూసింది. తర్వాత పిలిచి సర్దుదాంలే అనుకుని మళ్లీ గరిటె తిప్పుకుంది. అది గుర్తొచ్చి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

మర్నాడు కమిషన్ వాళ్లిచ్చిన బిగుతు చొక్కా ఎలాగో తొడుక్కుని, ఉత్త చేతులతో ఆఫీసుకు వెళ్లింది. కాపిటాన్ ఆమె వెనక గిన్నె కోసం వెతికాడు.

"జావేది మారే?"

"పొయ్యి వెలిగించలేదు కాపిటాన్."

పారే అనకుండా కాపిటాన్ అన్నది ఆయన చెవిన పడింది. మొహం మారింది.

"రేపు పొద్దున బజార్లో చెప్పండి," అంది పెతాంగ్. "చెప్పకపోతే మధ్యాహ్నం జీపుకి నేనూ జెర్వినూ పట్నం వెళ్తాం, కమిషన్ దగ్గరికి."

"నీ కూతురి పెళ్లిలో ముందు నిలబడాల్సినవాణ్ణి నేను."

"నిలబడండి. ఆ రోజు మీ గిన్నెలో ముందు పోస్తా. ఇవాళ మాత్రం పొయ్యను."

అలా అన్నదే కానీ, ఇంతకాలం కట్టుకున్న చుట్టరికం తెగిపోయిందనే అనుకుంది.

మర్నాడు కాపిటాన్ వచ్చాడు. బజారు మధ్యలో నిలబడి నేల చూపులు చూస్తూ ఏదో గొణిగాడు. చేపలమ్మే ఒకావిడ తమకు వినపడలేదంది. అప్పుడు తలెత్తాడు.

"జెర్విన్ దొంగ కాదు. వాణ్ణి తిప్పించి తప్పు చేశాను."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వినపడలేదన్న ఆవిడే కేకేసింది: "జెర్విన్, చేపలు పాడైపోతున్నాయి, మంచెప్పుడు తెస్తావ్?" జెర్విన్ తల తిప్పుకుని కళ్లు తుడుచుకుని, మంచు బండి వైపు పరుగెత్తాడు. పెతాంగ్ కూడా ఏడ్చింది. నెపం పక్క బుట్టలోని ఉల్లిపాయల మీద నెట్టేసింది.

మరునాడు హోటల్ తెరిచేసరికి బెంచీ మీద ముసలి సలూద్ కూర్చుని ఉంది. కొన్నేళ్ల కింద ఒడ్డున ఆమె గుడిసెను కాపలావాళ్లు పీకేశారు. ఆ తగువు కూడా జావతోనే తీరింది. పెతాంగ్ అలవాటుగా గిన్నె నింపి ముందు పెట్టింది. సలూద్ దాన్ని పక్కకు జరిపింది.

"ఆ రోజు ఆకలేసి తిన్నానే ఇందాయ్, నా తల్లీ. ఒప్పుకుని కాదు."

ఆమె వెనక ఇంకో ఇద్దరు కూర్చుని ఉన్నారు. వాళ్లూ ఒకప్పుడు తిని లేచి వెళ్లినవాళ్లే. పెతాంగ్ పొయ్యి ఆర్పేసి, ఆ ముసలామెకు ఎదురుగా కూర్చుంది.

"చెప్పు లోలా, చెప్పవ్వా," అంది. "మొదట్నుంచీ చెప్పు."