ఎర్ర లైటు ప్రశ్నలు

మా తోడల్లుడికి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. ఎర్ర లైటు పడిందంటే చాలు, ఎక్కడున్నా బండ్ల సందుల్లోంచి సైకిలు దూర్చుకుంటూ వచ్చి, నా కారు పక్కన కాలు ఆన్చి, అద్దం మీద టక్ టక్ అని కొట్టి ఒక ప్రశ్న అడుగుతాడు. మామూలు ప్రశ్నలు కావు.

"అన్నయ్యా, ఏనుగు కూర్చోవాలంటే ముందు ఏ కాళ్ళు మడుస్తుంది?"

"నాకేం తెలుసు! పోవయ్యా అవతలికి."

"పోనీ, మన మామగారి మీసం ఏ వైపు ముందు నెరిసింది?"

జవాబు చెప్పేదాకా కదలడు. ఈలోగా లైటు పచ్చబడుతుంది. వెనకవాళ్ళు హారన్లతో చెవులకి చిల్లులు పొడుస్తారు. "ఎడమ వైపు!" అని నేను గొంతు చించుకుంటే, "శభాష్ అన్నయ్యా!" అని గంట మోగించి మాయమవుతాడు. తరవాతి సిగ్నల్ దగ్గర మళ్ళీ ప్రత్యక్షం.

దాచుకోవడం ఎందుకు, అతణ్ణి చూస్తే నాకు ఒళ్ళు మంట. నాది కారు, అతనిది వాళ్ళ నాన్న తొక్కి వదిలేసిన సైకిలు. అయినా మా ఊరి రద్దీలో నా కారు నాలుగు చక్రాల గది. అందులో కూర్చుని నేను ముందున్న లారీ వెనక రాసినదంతా కంఠతా పట్టేస్తుంటే, అతను ఈల వేసుకుంటూ నీళ్ళలా జారిపోతాడు. పైగా ఆ నడుము చూడండి! పెళ్ళినాటి ప్యాంటు ఇప్పటికీ బెల్టు లేకుండా నిలవదు. నా పెళ్ళి ప్యాంటు చాలాకాలంగా కారు తుడిచే గుడ్డ.

మా ఆవిడ కూడా అతని పక్షమే. ఇంట్లో అడుగు పెట్టగానే మొదటి మాట, "మరిదిగారు కనిపించారా?"

"కనిపించాడు."

"అన్ని సిగ్నళ్ళ దగ్గరా?"

"ఒక్కటీ వదల్లేదు."

అప్పుడామె మొహం వెలిగిపోతుంది. మొగుడు ఎలా ఉన్నాడని అడిగేది తరవాత.

ఆవిడకి నా మీద ఒక అపోహ కూడా ఉంది. నేను కారు నడుపుతూ నిద్రపోతానట! ఒకసారి సిగ్నల్ దగ్గర పక్కసీట్లోంచి నన్ను కుదిపేసింది.

"నిద్రపోయారు!"

"నిద్ర కాదు, కళ్ళకి విశ్రాంతి."

"మరి ఆ గురక?"

"ఇంజను."

బస్సులో వెళ్ళమంది, డాక్టరుకి చూపించుకోమంది. నేను ససేమిరా అన్నాను. వాహన బీమా ఆఫీసులో ఉద్యోగం నాది. నిద్రకళ్ళతో దేన్నో గుద్దేసి, తరవాత కుక్క అడ్డొచ్చిందని చెప్పేవాళ్ళని కూర్చోబెట్టి నిజం కక్కించడమే నా పని. నాకు నిద్ర గురించి పాఠాలా!

సరిగ్గా ఆ రోజుల్లోనే తోడల్లుడికి బదిలీ అయింది. అతను కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు. ఆ దుకాణం వాళ్ళింటికి కూతవేటు దూరం. ఉన్నట్టుండి, మా ఆఫీసు వీధి చివర కొత్త శాఖ తెరిచారనీ, తనని అక్కడికి వేశారనీ చెప్పాడు. "చిన్నల్లుడు వృద్ధిలోకి వస్తున్నాడమ్మా," అని మా అత్తగారు మురిసిపోయింది. ఆ మాట నా మొహంలోకి చూస్తూ అనాల్సిన అవసరం ఏమొచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ కొత్త శాఖ వైపు తలతిప్పి చూడకూడదని ఆరోజే ఒట్టు పెట్టుకున్నాను.

అతణ్ణి తప్పించుకోవడానికి చెయ్యని ప్రయత్నం లేదు. దారి మార్చాను. టక్ టక్. "అన్నయ్యా, ఎడం కాలికి ఏ రంగు మేజోడు వేసుకున్నావు?" పెందలాడే బయలుదేరాను. టక్ టక్. "అన్నయ్యా, నెలల పేర్లు వెనకనుంచి చెప్పు." అద్దాలు బిగించి పాటలు పెట్టుకుంటే, ముక్కు అద్దానికి చప్పగా అదిమి ఆ ముక్కుతోనే అడిగాడు.

చివరికి ఒకరోజు దేవుడు నా మొర విన్నాడు. తోడల్లుడికి జ్వరం. మొదటి సిగ్నల్ దగ్గర ఎవరూ లేరు. రెండో దగ్గరా లేరు. ఎంత హాయి! సీటు కాస్త వెనక్కి వాల్చాను. కళ్ళకి కొంచెం విశ్రాంతి ఇద్దామనిపించింది.

టక్ టక్.

"డిసెంబరు, నవంబరు, అక్టోబరు..." అంటూ ఉలిక్కిపడి లేచాను. ఎదురుగా ట్రాఫిక్ కానిస్టేబుల్.

"ఇవాళ సైకిలాయన రాలేదా సార్?" అన్నాడు. "బండి తనంతట తనే నడిచి పోతోంది. ఆ పాల వ్యాను అడ్డం లేకపోతే ఏమయ్యేదో చూడండి."

నా కారు ముక్కు పాల వ్యాను వెనక తలుపుకి ఆనుకుని ఉంది. ఆ వ్యానుకి అవతల బడిపిల్లలు ఒకరి సంచి ఒకరు పట్టుకుని రోడ్డు దాటుతున్నారు. నాకు చెమటలు పోశాయి.

"మా అన్నయ్య మీద ఓ కన్నేసి ఉంచండి అని రోజూ నాకు చెప్పి మరీ వెళ్తాడు సార్ ఆయన," అన్నాడు కానిస్టేబుల్.

ఒట్టు తీసి గట్టున పెట్టి, అతని సంగతేమిటో ఆరా తీద్దామని నేరుగా ఆ కొత్త శాఖకి వెళ్ళాను. అక్కడ చెప్పుల దుకాణం ఉంది. ఎన్నాళ్ళనుంచని అడిగితే, మా తాత కాలం నుంచి అన్నాడు దుకాణదారు. అక్కణ్ణించి పాత కళ్ళద్దాల దుకాణానికి వెళ్ళాను.

"కొత్త శాఖా?" యజమాని పడీపడీ నవ్వాడు. "ఉన్న ఒక్కదానికే ఈగలు తోలుకుంటున్నానండీ! మీ తోడల్లుడా? ఇక్కడే పని. పొద్దున ఎక్కడ తిరిగొస్తాడో గానీ, చెమటలు కక్కుకుంటూ ఆలస్యంగా వస్తాడు. సాయంత్రం అందరూ వెళ్ళాక కూర్చుని ఆ పని పూర్తి చేస్తాడు. ఏమిటయ్యా అంటే వ్యాయామం అంటాడు."

ఇంటికి వెళ్ళి మా ఆవిడని నిలదీశాను.

"మీరు బస్సెక్కరు, డాక్టరు దగ్గరికి రారు. నేనేం చెయ్యను? మరిదిగారి దగ్గర ఏడ్చాను," అంది. "సైకిలు నాది, కాళ్ళు నావి, అన్నయ్యని నేను చూసుకుంటా వదినా, అన్నారు. జవాబు చెప్పాలంటే మెలకువ రావాల్సిందే కదా అని ఆ ప్రశ్నలు కూడా ఆయనే కనిపెట్టారు."

నాకు కళ్ళు చెమర్చాయి. వెంటనే ఒళ్ళు కూడా మండింది. మంచితనంలోనూ అతనే ముందు వెళ్ళిపోవాలా?

డాక్టరు దగ్గరికి వెళ్ళాను. గురకపెట్టే నిద్ర అసలు నిద్రే కాదని, రాత్రిళ్ళు ముక్కుకి ఒక గొట్టం తగిలించాడు. అది అలవాటయ్యేదాకా బస్సులోనే తిరిగాను. ఆ తరవాత కారులో ఎర్ర లైటు దగ్గర ఎంతసేపు ఆగినా నా కళ్ళు తామరపువ్వుల్లా విచ్చుకునే ఉన్నాయి. మా ఆవిడ ఆ శుభవార్త మరిదిగారికి చేరవేసింది. దాంతో అతను మానేశాడు.

నేను సంతోషించాలి కదా! కానీ ప్రతి సిగ్నల్ దగ్గరా అద్దం దించి కూర్చునేవాణ్ణి. నా మేజోళ్ళ రంగు ఏ పుణ్యాత్ముడికీ అక్కర్లేకపోయింది.

ఒక ఉదయం పనుండి కళ్ళద్దాల దుకాణం వైపు వెళ్ళాను. ఎర్ర లైటు పడింది. ముందు ఒక రొట్టెల వ్యాను. రాత్రంతా బట్టీ దగ్గర నిలబడ్డాడేమో, డ్రైవరు తల జోగుతోంది. దాని పక్కన మా తోడల్లుడు, సైకిలు మీద, ఒక కాలు ఆన్చి.

టక్ టక్. "అన్నయ్యా, ఏనుగు కూర్చోవాలంటే ముందు ఏ కాళ్ళు మడుస్తుంది?"

అన్నయ్యా అట! ఎవడికి అన్నయ్య? నా కళ్ళలో నిప్పులు పడ్డాయి. చేతి బ్రేకు గట్టిగా లాగి, తల స్టీరింగు మీద వాల్చి, కళ్ళు మూసుకుని, ఎందుకైనా మంచిదని కాస్త గట్టిగానే గురక పెట్టాను.

టక్ టక్.

"ఒక్క ప్రశ్న అన్నయ్యా. నిద్రపోయేవాడు నవ్వు ఆపుకోవడానికి పెదాలు బిగబట్టుకుంటాడా?"

"ఆ ఏనుగు నాది," అన్నాను కళ్ళు తెరవకుండానే. "వ్యాను వాడికి ఇంకేదైనా జంతువుని చూసుకో."