పొయ్యిలు బయటికి పెట్టించిన తిమ్మమ్మత్త

అరవదేశంలో మారండహళ్ళి దగ్గర కాలవ తవ్విన ఏడు, ఎనభై నాలుగులో, మార్గళి నెల చలి ఎముకలు కొరికేది. మట్టిపని చేసే మా తెలుగు కుటుంబాలన్నీ గట్టునే గుడిసెలు వేసుకున్నాయి. వాకిలికి గోనెపట్టా కట్టి లోపలే పొయ్యి రాజేసుకునేవాళ్ళం. పొగ పోయే దారి లేదు. పిల్లలు ఖళ్ళుఖళ్ళున దగ్గుతూనే ఉండేవాళ్ళు.

ఆడవాళ్ళలో పెద్దది మా మేనత్త తిమ్మమ్మ. మనిషి బక్కపలచన, మాట మాత్రం గట్టి.

ఒకరోజు పొద్దున్నే ఆమె కోడలు పొన్ని ఏడుస్తూ ఆరు నెలల తన పసివాణ్ణి తెచ్చి చూపించింది. పాలు తాగడం లేదు. ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతున్నాయి. అది చూసి పక్క గుడిసె ముసలి సెంగోడన్ కొడవలి మొన నిప్పుల్లో పెట్టాడు.

"పొట్టమీద వాత పెడితే తగ్గిపోతాది తిమ్మమ్మా. నా బిడ్డలకంతా పెట్టినాను."

"నీ మంచిమనసు నాకు తెలుసన్నా. ఈ పసిగుడ్డు ఆ మంట ఓర్చుకోలేడు" అంటూ అత్త బిడ్డను రొమ్ముకు ఆనించుకుని కొంగు చుట్టింది. "పొన్నీ, నడు. ధర్మపురి బస్సు పోతాది."

తోడుగా నేనూ వెళ్ళాను. ఆసుపత్రిలో సూదులు వేశారు, ముక్కుకు గొట్టం పెట్టారు. బిడ్డ తేరుకుని పాలు తాగిన రోజున నర్సు పరమేశ్వరి అరవంలో అడిగింది, వాడు ఎక్కడ పడుకుంటాడని.

"పొయ్యి పక్కనే. వెచ్చగా ఉంటాదని నేనే పడుకోబెట్టినాను" అంది అత్త.

"ఆ పొగే రొమ్ముకు చెరుపమ్మా. తల్లి ఒంటికి ఆనించి కప్పండి, చాలు."

అత్త ముఖం వాడిపోయింది.

గుడిసె చేరగానే ముందు తన పొయ్యి పెరికి బయట పెట్టింది. గాలి కొట్టకుండా తడిక కట్టింది. నేలమీద ఎండు చెరకాకు మందంగా పరిచి, పైన గోనెపట్టాలు వేసింది. అందరినీ అలాగే చెయ్యమంది. సణిగినవాళ్ళ గుడిసెలకు తనే వెళ్ళి తడికలు కట్టింది. పిల్లలకు కాచిన నీళ్ళే ఇమ్మంది.

పసిబిడ్డల తల్లులు బిడ్డల్ని వదిలి తెల్లవారు మంచులోనే పనికి దిగాల్సి రావడం ఒక్కటే మిగిలింది. అత్త మేస్త్రీ గోవిందరాజ్ దగ్గరికి పోయింది.

"బిడ్డతల్లులు ఎండ పడినాక వస్తారయ్యా. ఆ పని సాయంత్రం మేమంతా తీర్చేస్తాము."

"ఒకరికి ఒప్పుకుంటే అందరూ అడుగుతారు. కుదరదు."

మర్నాడు అత్త తట్ట బోర్లించి దానిమీద కూర్చుంది. ఆడవాళ్ళమంతా ఆమె వెనక కూర్చున్నాం. మగవాళ్ళు తవ్విన మట్టి గుట్టలుగా పడింది, మోసేవాళ్ళు లేరు. మేస్త్రీ అరిచాడు, బెదిరించాడు. అత్త కదలలేదు. మంచు విడిపోయే వేళకు ఆయనే మెత్తబడ్డాడు.

"సరేమ్మా, మీరన్నట్టే కానీండి. లేవండి."

దగ్గులు పూర్తిగా పోయాయని చెప్పను. కానీ ఆ చలికాలం ఇంకే బిడ్డనూ ధర్మపురికి ఎత్తుకుపోవలసిన అవసరం రాలేదు. చలి తగ్గి మాసి నెల వచ్చేసరికి పొన్ని కొడుకు గట్టంతా పాకుతూ గుప్పిళ్ళతో మన్ను తింటుంటే, అత్త వాణ్ణి చంకనేసుకుని, తిట్టుకుంటూ, వేణ్ణీళ్ళతో చేతులు కడుగుతుండేది.