మా బాయిలర్‌కి పట్టిన జబ్బు

నెల రోజులుగా మా రాగి బాయిలర్ ఒకనాడు సలసల కాగిన నీళ్లిస్తే ఇంకొకనాడు గోరువెచ్చని నీళ్లిస్తోంది. రంపపు పొట్టు తడిగా ఉందని అడితివాడితో పోట్లాడాను. సరిగ్గా రాజెయ్యడం లేదని పనిమనిషి మరియమ్మ మీద కేకలేశాను. ఈ పొద్దున వన్ టౌన్ నుంచి మేస్త్రిని పిలిపించాను.

అతను అంతా విప్పి చూసి, "బాయిలర్ లక్షణంగా ఉందండీ. ఏ రోజుల్లో చల్లబడుతోంది?" అన్నాడు.

"మరియమ్మ నీళ్లు పోసిన రోజుల్లోనే," అంది మా ఆవిడ. మరియమ్మ తల దించుకుంది.

వంటింట్లోంచి మా అమ్మ నింపాదిగా పలికింది. "దాని తప్పేం లేదురా. కిరస్తానీది పోసిన నీళ్లు మడికి పనికొస్తాయా? అవి కాగినా సరే పారబోసి నేను వేరే నీళ్లు పోస్తున్నాను. ఆ నీళ్లు కాగేలోపే మీరు స్నానాలకి దిగుతున్నారు."

"నెల్లాళ్లు దాన్ని తిడుతుంటే వింటూ కూర్చున్నావా?"

"నన్నడిగావా నువ్వు?"

"అందుకా అయ్యగారూ, తూము పక్కన అరటి పిలక మాడిపోయింది!" అంది మరియమ్మ.

సభల్లో కులం మీద గొంతు చించుకునే నేను ఆ పిలకకి తెగులనుకుని మందు కూడా కొట్టాను. మరియమ్మకి అందరి ముందూ క్షమాపణ చెప్పాను. రేపట్నుంచి రోజూ నీళ్లు ఆవిడే పోస్తుంది. మడి కావలసినవారికి నూతి దగ్గర చన్నీళ్లున్నాయి.

మీ ఇంట్లోనూ వేణ్ణీళ్లు ఇలా నిలకడ తప్పితే మేస్త్రిని పిలవకండి. ముందు పెరట్లో అరటి ఎలా ఉందో చూసి నాకు చెప్పండి.