ఇసుక మీద రష్యా తాలూకా

కువైట్‌లో జహ్రా దాటి ఉత్తరానికి గంటన్నర ప్రయాణం. తారు రోడ్డు అయిపోయాక చక్రాల జాడ వెంట పదకొండు కిలోమీటర్లు. పక్కకు దిగితే మందుపాతరలు. జనవరి నెల, ఉదయం ఏడున్నర, చలిగాలి. ఇరాక్ సరిహద్దులో ఐక్యరాజ్యసమితి పరిశీలన దళం పోస్టు అది. రెండు గుడారాలు, ఒక వైర్‌లెస్ సెట్టు, మూడు నీళ్ల పీపాలు, ఒక జీపు. జీపు నాది.

భారత సైన్యంలో పదిహేనేళ్లు లారీలు నడిపి, పింఛను తీసుకుని కువైట్ వచ్చాను. రుమైథియాలో ఇంటి డ్రైవర్‌గా ఉండగా ఇరాక్ సైన్యం దిగింది. ఎడారి దాటి ఇంటికి చేరి, యుద్ధం ముగిశాక తిరిగి వచ్చాను. పాత సిపాయినని ఈ దళంవాళ్లు డ్రైవర్‌గా పనిలో పెట్టుకున్నారు. ఒంటి మీద యూనిఫాం లేకపోయినా నాకది మళ్లీ డ్యూటీయే.

పోస్టుకు పెద్ద ఒక రష్యా కెప్టెన్. వంటవాడు మా రాయచోటివాడు.

మొదటిరోజే కెప్టెన్‌తో నాకొచ్చిన ఇంగ్లీషులో, "మీ దగ్గర ఓబ్లస్తు, దాని కింద రయోను, దాని కింద గ్రామ సోవియట్టు. మా జిల్లా, తాలూకా, పంచాయతీ లాగా" అన్నాను. కడప గ్రంథాలయంలో సోవియట్ భూగోళం పుస్తకం మూడుసార్లు చదివి నోటుబుక్కులో ఎక్కించుకున్న సంగతి అది. ఆయన నవ్వలేదు. గుడారం మేకు అందుకుని ఇసుక మీద తన రయోను గీశాడు. మధ్యలో నది. ఇవతల ఒడ్డున ఆయన ఊరు, ఇంకో నాలుగు ఊళ్లు. అవతల రయోను కేంద్రం: ఆసుపత్రి, రొట్టెల కర్మాగారం, ఆఫీసులు. వంతెన లేదు. చలికాలం గడ్డకట్టిన నది మీదే లారీలు పోతాయి. వేసవిలో పడవ. ఏప్రిల్‌లో మంచు పగిలే మూడు వారాలు ఏదీ పోదు.

తన ఇల్లున్న చోట ఒక సోడాసీసా మూత పెట్టాడు.

ఆయన భార్య అక్కడి గ్రామ సోవియట్టు కార్యదర్శి. ఏప్రిల్‌లో కానుపు. ముందే అవతలికి పొమ్మంటే వినడం లేదు. సోవియట్ యూనియన్ విడిపోయి, దేశం పేరే మారిపోయిన చలికాలం అది. తను కదిలితే పై ఆఫీసువాళ్లు ఊరి సీలు పట్టుకుపోయి, ఊరిని పక్క ఊళ్లో కలిపేస్తారని ఆమె భయం. 'సీలు తీసుకునే వెళ్లు' అని ఆయన ఉత్తరం రాశాడు. కవరు మీద ఏ చిరునామా రాయాలో తెలియక మూడు రోజులు జేబులో పెట్టుకు తిరిగాడు.

"దేశమే ల్యాకుండా పాయ, ఇంగ ఊరు యాడుంటాదిన్నా?" అన్నాడు వంటవాడు.

"నోరు ముయ్‌రా. మన తాలూకా పోయి మండలం రాలా? నీకు జాబులు రాకుండా పొయినాయా?"

"మాకు అప్పుడూ ఇప్పుడూ టపా తెచ్చేది ఆ సుబ్బన్నే గదా!"

ఆ మాట పట్టుకున్నాను. "మీ ఊరికి టపా ఎవరు తెస్తారు?" అని కెప్టెన్‌ను అడిగాను.

"ఒక ముసలమ్మ. గుర్రబ్బండి మీద."

"ఆమె మారిందా?"

"లేదు."

"అయితే పాత పేర్లే రాయండి. కొత్త దేశం పేరు పైన పెట్టండి."

రాశాడు. నేనే సిటీకి పోయి టపాలో వేశాను.

రోజూ ఉదయం ఆరుకు వైర్‌లెస్: "పోస్టు నాలుగు. అంతా ప్రశాంతం." గాలి రోజూ నదిని చెరిపేది. కెప్టెన్ టీ తాగకముందే మళ్లీ గీసేవాడు. మూతను మాత్రం కదిలించేవాడు కాదు. మార్చి పోయింది. జవాబు లేదు. నా పుస్తకాల చదువు మీద నాకే అనుమానం వచ్చింది. నేను టపా తెచ్చిన ప్రతిసారీ ఆయన జీపుకు ఎదురొచ్చేవాడు. నాకు అదే ఎక్కువ బాధ.

ఏప్రిల్ రెండో వారం, పగలు పదకొండు గంటలకు వైర్‌లెస్ పలికింది. "పోస్టు నాలుగు, కెప్టెన్‌కు టెలిగ్రాం. చదువుతున్నా. ఉత్తరం అందింది. మంచు గట్టిగా ఉండగానే దాటాను. ఆడపిల్ల. ఇద్దరం క్షేమం. సీలు తలగడ కింద ఉంది."

"మళ్లీ చదువు" అన్నాడు కెప్టెన్.

"ఖలాస్, దిగులు తీరిపాయ! ఈపొద్దు పాయసమేన్నా!" వంటవాడు గరిటెతో ఎగిరాడు.

"పాలు యాడివిరా?"

"డబ్బాపాలు దాచిపెట్టినాలే. నీకు చెప్తే టీలో పోసుకుంటావని."

జూన్‌లో కెప్టెన్ వెళ్లిపోయాడు. మరుసటేడు నేను కడప వచ్చేశాను. ఇక్కడ అందరూ మందుపాతరల గురించి, కాలిన నూనె బావుల గురించి అడుగుతారు. చెబుతాను. కానీ నా కళ్లముందు నిలిచేది ఇంకొకటి. టెలిగ్రాం వచ్చిన రోజు కెప్టెన్ ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుని మూత మీది దుమ్ము ఊదాడు. దాన్ని ఎత్తి అవతల పెట్టలేదు. మంచు మీద లారీ పోయినట్టు, ఒక వేలితో మెల్లగా నెట్టుకుంటూ నది దాటించాడు.