కుండ లోపలి ఎరుపు

ఎం.ఏ. హిస్టరీ పూర్తయ్యాక ఏలూరులో ఒక చిన్న ప్రైవేటు మ్యూజియంలో పనిచేసేదాన్ని. కొల్లేటికోట దగ్గర చేపల చెరువు తవ్వుతుంటే దొరికిన పాత మట్టికుండను నేనే శుభ్రం చేసి బల్లమీద పెట్టాను. విదేశంలో చదువుకు సీటు కోసం వీడియో ఇంటర్వ్యూ జరిగినప్పుడు దాన్నే చూపించాను. కుమ్మరి వేళ్ల గుర్తుల గురించి చెబుతూ లోపల చెయ్యి పెట్టాను. చల్లగా, జిగటగా ఏదో తగిలింది. చెయ్యి బయటికి తీస్తే మణికట్టు దాకా కిళ్లీ ఉమ్మి!

ఫోనులో మసకగా కనిపించిందేమో, "ఆ ఎరుపు పాతకాలపు రంగా?" అని ఇంటర్వ్యూ చేస్తున్న ప్రొఫెసర్ ఆసక్తిగా అడిగారు. సీటు పోతుందన్న భయంతో అవునని తలూపాను.

తర్వాత, ఎప్పుడూ కిళ్లీ నమిలే మా మ్యూజియం ఇన్‌చార్జి గారిని, "ఏంటండీ ఈ పని?" అని నిలదీశాను.

"ఖాళీగానే ఉంది కదమ్మా! కిటికీలోంచి ఉమ్మితే కింద స్కూటర్ల వాళ్లు గొడవ చేస్తన్నారు మరి" అన్నారు తాపీగా.

సీటు వచ్చింది. అక్కడ ఏ పాత్ర ముట్టుకోవాలన్నా ముందు టార్చి వేసి లోపలికి చూసేదాన్ని. ఎంత జాగ్రత్తో అని అందరూ మెచ్చుకునేవారు.

ఇప్పటికీ మూడేళ్ల మా పాప ఖాళీ డబ్బాలో చెయ్యి పెడితే నా గుండె జారిపోతుంది. ఆ ఉమ్మి తలుచుకుంటే వాంతి వచ్చినట్లుంటుంది. నేను తలూపడం తలుచుకుంటే మాత్రం అంతకంటే అసహ్యం.