కత్తెర కంటే ముందు వెళ్లే చూపు

మొన్న పూనాలో మా చెల్లెలి కూతురి పెళ్లి చూసుకుని విమానంలో తిరిగి వచ్చి, శంషాబాద్‌లో దిగి, సామాను తిరుగుతూ వచ్చే బెల్టు దగ్గర మా ఆయనతో పాటు నిలబడ్డాను. మా సంచి దూరం నుంచే కనిపించింది, నా కన్ను దాని పిడి మీదే ఉంది, చెయ్యి కూడా చాచాను, అయినా నా వేళ్లు ముడుచుకునే లోపల అది నా ముందు నుంచి దాటిపోయింది. "అద్దాలు మార్వాలె నీకు" అని మా ఆయన నవ్వారు. వాటిని మార్చుకుని ఇంకా నెల రోజులు కూడా కాలేదు. రెండోసారి వచ్చినప్పుడు ఇంకెటూ చూడకుండా, పిడి నా పిడికిట్లోకి వచ్చేదాకా దాన్నే చూస్తూ పట్టుకున్నాను. అలా చూస్తుండగానే మా అత్తమ్మ గుర్తుకొచ్చింది.

నా ఈడు వాళ్లకు చెప్పనక్కర్లేదు గానీ, ఈ శంషాబాద్ పక్కనే సాతంరాయి చుట్టుపక్కల అప్పట్లో ద్రాక్షతోటలు ఉండేవి. నేను కొత్త కోడలిగా వచ్చిన ఏడాదే అత్తమ్మ వెంట ఆ పనికి వెళ్లాను. చలికాలంలో కాయలు బఠాణీ గింజంత ఉన్నప్పుడు ప్రతి గుత్తిలోనూ కొన్నింటిని సన్నమొన కత్తెరతో తీసేసి పలచన చేయాలి, లేకపోతే ఒకదాన్నొకటి ఒత్తుకుని ఏదీ లావెక్కదు. పందిరి కింద తలెత్తి, చేతులెత్తి పొద్దంతా చేసే పని అది. తీసిన కాయలు కొప్పులో పడేవి, మాట్లాడబోతే నోట్లోనూ పడేవి, అబ్బ, ఏం పులుపో. కత్తెర కాస్త పక్కకు పోయి కాడ తెగిందా, గుత్తి మొత్తం కాళ్ల దగ్గర ఉంటుంది, అందుకే మేస్త్రి అందరికీ కత్తెర ఇచ్చేవాడు కాదు, అత్తమ్మ నేర్పబట్టి నాకు ఇచ్చాడు. తోట వేసిన నాటి నుంచీ అది అత్తమ్మ చేతిలో ఉంది. మామ పోయాక నలుగురిలో ఆమె తల ఎత్తుకుని తిరిగిందంటే ఆ కత్తెర వల్లనే.

ఆ ఏడు ఆమె వెనకబడటం మొదలైంది. మేస్త్రి రెండు మూడు రోజులు చూసి, ఇలాగే ఉంటే కత్తెర వదిలి కింద ఊడ్చే పనికి వెళ్లాలన్నాడు. చూపు తగ్గిందేమోనని నేనే పట్టుబట్టి పట్నంలో కంటి దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరు అన్నీ చూసి, కళ్లలో ఏ లోపమూ లేదు, ఉన్న అద్దాలు సరిపోతాయని పంపేశాడు. తిరుగు బస్సులో అత్తమ్మ, "ఏందో బిడ్డా, కన్ను ఉరికినంత జల్ది చెయ్యి ఉరుకుతలేదు" అన్నది. చూపు బాగానే ఉంటే మరి తగ్గిందేమిటో నాకు అంతుపట్టలేదు.

మర్నాటి నుంచి నా పని నేను చేసుకుంటూనే ఆమె కళ్లను గమనించసాగాను. మేమందరం కత్తెర మూసుకోకముందే పక్క కాయ మీదికి చూపు పంపేసేవాళ్లం, చెయ్యి వెనక మిగిలిన పని ముగించుకుని వచ్చేది. అత్తమ్మ చూపు అలా వెళ్లేది కాదు. కాయను చూసేది, కత్తెర మొన దాన్ని చేరేదాకా చూసేది, తెగి రాలేదాకా అక్కడే ఉండి, అప్పుడు గానీ పక్కదానికి మళ్లేది కాదు. నేనూ అలా చేద్దామని చూసి, ఒక్క గుత్తికే విసుగొచ్చి మానేశాను. వయసు మీద పడితే కంటికి చెయ్యి మీద నమ్మకం తగ్గుతుందా, లేక కన్నే ఉన్నచోటు నుంచి కదలడానికి బద్ధకిస్తుందా అని ఎంతో ఆలోచించేదాన్ని, ఎవరినడగాలో మాత్రం తెలిసేది కాదు.

అత్తమ్మ ఊరుకునే మనిషి కాదు. మేస్త్రిని ఒక్క వరుస చెట్లు తనకు ఇచ్చి చూడమని అడిగింది, అందరితో పాటు ముగిస్తే కత్తెర తనదే, లేకపోతే తానే ఇచ్చేస్తానంది. నన్ను చెయ్యి వేయవద్దని ముందే హెచ్చరించింది. మేము మా వరుసలు ముగించి అన్నాలు తిని లేచేసరికి కూడా ఆమె వరుస సగం దాటలేదు. మేస్త్రి వచ్చి ఆమె పలచన చేసిన గుత్తుల కింద నిలబడి చాలాసేపు చూశాడు. ఒక్క కాడ కూడా తెగలేదు. "పని మంచిగ చేసినవ్ పెద్దమ్మా, గని కాయ ఆగది గద, జర పెరిగితె ఇగ కత్తెర మొన దూరది" అన్నాడు, తప్పు తనదైనట్టు నేల చూస్తూ. ఆమె కత్తెరను కొంగుతో తుడిచి అతని చేతిలో పెట్టి, చీపురు తీసుకుంది. నాకు ఏడుపు ఆగలేదు. ఆమె మాత్రం సాయంత్రం దాకా మేము రాల్చిన కాయలు ఊడుస్తూనే ఉంది.

తరువాత బోర్లు ఎండి కొన్ని తోటలు, ప్లాట్లయి కొన్ని పోయాయి, మేము నడిచి వెళ్లిన దారి ఎక్కడుండేదో కూడా ఇప్పుడు చెప్పలేను. నాకూ అత్తమ్మ వయసొచ్చింది. తాళంచెవి తాళంలోకి దూరేదాకా దాన్నే చూస్తాను, సూదిలో దారం సంగతి సరేసరి, వంకాయ తరుగుతూ టీవీ చూసే ధైర్యం ఎప్పుడో పోయింది. ఆ తోటలో అన్ని చలికాలాలు పనిచేశానే, నేను తీసిన కాయ రాలడం ఒక్కటంటే ఒక్కటి నేను చూడలేదు, నా చూపు అప్పటికే పక్కదాని మీద ఉండేది. రాలుతుంటే చూసినవన్నీ అత్తమ్మ తీసినవే. నా కన్ను ఆగి చూడటం నేర్చుకునే నాటికి, చూడటానికి పందిరి లేదు.